పళ్ళెం కింది కాళ్ళు

ఆ ఇంట్లో తల్లిని అందరూ మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. వీధివాళ్ళు, మట్టి తెచ్చే లారీ డ్రైవరు, కట్టుకున్న మొగుడు, ఆఖరికి కన్నకూతురు కూడా. ముప్పై ఏళ్ళు చక్రం ముందు కూర్చున్న మనిషి. ఆమె గదమాయిస్తే పచ్చి గిన్నెలు కూడా భయపడి నిటారుగా నిలబడతాయని మొగుడి వేళాకోళం. ఆయన దర్జీ. ముందుగది ఆయన కుట్టుమిషన్‌ది, వెనక షెడ్డు ఆవిడ బట్టీది. మధ్యలో ఉన్న వంటగదిలో సంసారం. అలా ముప్పై ఏళ్ళు బాగానే గడిచింది.

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ మేస్త్రి బ్రష్ కింద పడేసింది. వంగి తీద్దామంటే కుడిచెయ్యి మాట వినలేదు. పక్షవాతం అన్నాడు డాక్టరు. నోటిని వదిలేసింది, కాలిని వదిలేసింది, కుడిచేతిని మాత్రం పట్టుకుపోయింది. పట్టుకుపోతే పోయింది, అంతటి మనిషినీ వంటగది కిటికీ దగ్గర కుర్చీలో కూలేసింది. అదీ కూతురికి మింగుడుపడని సంగతి.

కూతురు సంగతి చెప్పాలంటే, మొండిఘటం. ఆ పేరు పెట్టింది తల్లే. ఒక పని పట్టుకుంటే అదైనా తేలాలి, తనైనా తేలిపోవాలి. తల్లి మంచాన పడ్డ నాలుగో రోజునుంచే చక్రం ఎక్కి, రోజువారీ ఎర్రమట్టి గిన్నెలు తనే చేసి, తనే కాల్చి, దుకాణాలకు పంపుతోంది. గిన్నెలు బాగానే అమ్ముడవుతున్నాయి. కానీ షెడ్డులో పై అరమీద ఒక పళ్ళెం ఉంది. దాని జోలికి వెళ్ళే ధైర్యం అంత మొండిదానికీ చాల్లేదు.

అది మేస్త్రి చేతిమీదుగా వచ్చిన చివరి పళ్ళెం. తెల్లమట్టిది, అటంచు నుంచి ఇటంచుకు ఇరవై అంగుళాలు. మేస్త్రి ఆ చివరి ఏడాదే తెల్లమట్టి మొదలుపెట్టింది. పళ్ళేనికి అడుగున గట్టు లేదు, నున్నగా చదునుగా ఉంటుంది. ఒకసారి కాల్చి, గ్లేజు పూత కూడా తనే పోసింది, పైనా కిందా అంతటా. "అడుగుకి మాత్రం ఏం పాపం, అదీ మెరవనీ" అంది. రెండో కాలుపు మిగిలుండగానే చెయ్యి పడిపోయింది.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పుకోవాలి. గ్లేజు పూత పొడిగా ఉన్నప్పుడు సున్నంలా ఉంటుంది. బట్టీలో కరిగి గాజవుతుంది. కరిగిన గాజు దేన్ని తాకితే దాన్ని పట్టుకుంటుంది. అడుగున పూత ఉన్న పళ్ళేన్ని ఊరికే బట్టీ పలక మీద పెట్టామా, పలకా పళ్ళెమూ జన్మలో విడిపోవు. అందుకని కింద సన్నటి మొనలున్న చిన్న చిన్న కాళ్ళు పెట్టి నిలబెడతారు. మొన ఎంత సన్నగా ఉంటే మచ్చ అంత చిన్నది. ఆ ఇంట్లో వాటిని కోడికాళ్ళు అంటారు, మూడేసి వేళ్ళతో అచ్చం అలాగే ఉంటాయి కాబట్టి. బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయవి, ఇరవై ఏళ్ళుగా వాడి వాడి ఇనుములా గట్టిపడ్డవి. ఎర్రమట్టి గిన్నెలన్నీ వాటి మీద కాలినవే.

వానలు మొదలైన వారానికి పళ్ళెం అంచు మీద పూత పొట్టులా లేచింది. గోరంత ముక్క. కూతురు లెక్క వేసుకుంది. ఇంకో రెండు నెలలు ఈ చెమ్మలో ఉంటే పూతంతా రాలిపోతుంది. మళ్ళీ పొయ్యడానికి తల్లి చెయ్యి లేదు. తను పోస్తే అది తల్లి పళ్ళెం కాదు.

వెళ్ళి మేస్త్రికి చెప్పింది. "మేస్త్రీ, పెద్ద పళ్ళెం కాల్చేద్దాం."

"దాన్ని అలా వదిలెయ్."

"పూత లేస్తోంది."

"లేవనీ." మేస్త్రి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

కూతురు అక్కడితో ఊరుకుంటే మొండిఘటం ఎందుకవుతుంది. తల్లికి దిగులు పట్టుకుంది, దిగులులో ఏదో అంటుంది, పళ్ళెం తళతళలాడుతూ ఎదురుగా కనబడితే లేచి కూర్చుంటుంది అనుకుంది. అయితే ఒక్కగానొక్కదాన్ని తిన్నగా బట్టీలో పెట్టేంత తెలివితక్కువది కాదు. అదే తెల్లమట్టితో, అదే కొలతతో తనే పళ్ళేలు చేసి ముందు వాటిని కాల్చి చూడాలని పంతం పట్టింది.

మొదటిదాని కింద మూడు కోడికాళ్ళు పెట్టింది. నడుమ దిగబడి, మూడు చోట్లా పగిలి వచ్చింది. ఆసరా చాల్లేదనుకుంది. రెండోదాని కింద అయిదు పెట్టింది. అయిదు చోట్ల పగిలింది. నిప్పు తొందరపడిందేమోనని మూడోదాన్ని రెండు పూటలు నెమ్మదిగా వేడి చేసింది, కింద తొమ్మిది కాళ్ళు పెట్టింది. ఇక అది ఎందుకు పగులుతుంది, ఇంతమంది మోస్తుంటే? బట్టీ తలుపు తీస్తే పళ్ళెం లేదు. ముక్కలున్నాయి, ఒక్కో ముక్క ఒక్కో కోడికాలిని కరుచుకుని.

రెండు నెలలు పోయాయి ఈ బాగోతానికి. కూతురు ప్రతిసారీ ముక్కలు తెచ్చి తల్లి ముందు పెట్టేది. "ఎందుకిలా అవుతోంది మేస్త్రీ?"

"ఏమో" అనేది మేస్త్రి. ముక్కని ఎడమచేత్తో ఇటు తిప్పి అటు తిప్పి చూసి ఒళ్ళో పెట్టుకునేది.

కూతురికి ఒళ్ళు మండేది. ఒకప్పుడు గిన్నె మీద గోటిగాటు పడితే పక్కింటికి వినబడేలా తిట్టిన మనిషేనా ఈవిడ? తిట్టినా బాగుండును. మూడో పళ్ళెం ముక్కల్ని బుట్టలో వేసి, ముందుగదిలో తండ్రి పక్కన నేలమీద చతికిలబడింది.

అప్పుడే ఒకావిడ వచ్చి తండ్రి మీద కోటు విసిరినంత పని చేసింది. కొత్త కోటు, ఒక్కసారి ఉతికితే ముడతలు ముడతలుగా ఉబ్బిపోయిందట. ఆయన దాన్ని లోపలి పక్కకు తిప్పి చూశాడు, నాలుక కరుచుకున్నాడు. "నాదే తప్పు తల్లీ, విప్పి మళ్ళీ కుడతాను" అని పంపించాడు.

"ఏమైంది నాన్నా?" అంది కూతురు.

"ఏముంది, బుద్ధి గడ్డి తింది. పైగుడ్డ నీళ్ళు తగిలితే ముడుచుకునే రకం. లోపలి లైనింగేమో కదలని రకం. రెండింటినీ కలిపి కుట్టేశాను. పైది దగ్గరికి రావాలనుకుంటోంది, లోపలిది రానివ్వదు. ఇక ఉబ్బక ఏం చేస్తుంది? గట్టి గుడ్డయితే అక్కడే పిగిలిపోయేది."

కూతురు కోటు చేతిలోకి తీసుకుని రెండు గుడ్డలూ లాగి చూసింది. తర్వాత ఆయన మెళ్ళోని టేపు లాక్కుని షెడ్డులోకి పరిగెత్తింది. "అది నా టేపు" అని వెనకనుంచి ఆయన అంటూనే ఉన్నాడు.

మొదట పగిలిన పళ్ళెం ముక్కల్ని నేలమీద పేర్చి కొలిచింది. పద్దెనిమిది అంగుళాలు. బట్టీలో పెట్టినప్పుడు ఇరవై. ఎర్రమట్టి మొదటి కాలుపులోనే ఎంత ముడుచుకోవాలో అంతా ముడుచుకుంటుంది, రెండోసారి దాని మీద పూత కరగడమే తప్ప గిన్నె కదలదు. తెల్లమట్టి అలా కాదు. రెండో కాలుపులో వేడి చాలా ఎక్కువ, ఆ వేడికి మళ్ళీ ముడుచుకుంటుంది. ముడుచుకుంటుందని తనకు తెలుసు. పళ్ళెం చిన్నదవుతుందని తెలుసు. కానీ కింద మొనలతో పట్టుకున్న కోడికాళ్ళు ఇరవై ఏళ్ళ కిందటే కాలి బిగుసుకుపోయాయని, పెట్టినచోటునుంచి వెంట్రుకవాసి కదలవని ఆలోచించలేదు. పళ్ళెం దగ్గరికి రాబోతుంటే అవి రానివ్వలేదు. తను ఎన్ని కాళ్ళు పెడితే అన్నిచోట్ల పట్టుకుని చీల్చాయి. తన నెత్తిన తనే మొట్టుకుంది.

ముక్కలు ఊడ్చి షెడ్డు వెనక గోతిలో పారబొయ్యబోయింది. ఆ గోతిలో ఆకుల కింద తెల్లగా ఏదో మెరిసింది. పారతో కదిపితే తెల్లమట్టి పెంకులు. ఒకటి కాదు, గంపెడు. తనవి కావు. ఒక్కోదానికి అడుగున అదే చీలిక, కోడికాలు పట్టుకున్న అదే గుర్తు. వాటికిందే చేతివెడల్పు బిళ్ళల ముక్కలు, అవీ తెల్లమట్టివే. బిళ్ళల మీద నువ్వుగింజంత మొనలతో నిలబెట్టిన బుడిపెలు.

ఒక పెంకూ, ఒక బిళ్ళముక్కా పట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది. రెండూ తల్లి ఒళ్ళో పెట్టింది. మేస్త్రి వాటిని చూసి కళ్ళు దించుకుంది.

"నీకు తెలుసు" అంది కూతురు.

"తెలుసు."

"మూడు పళ్ళేలు పగలగొట్టుకున్నాను. రెండు నెలలు. కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

"ఎందుకమ్మా?"

మేస్త్రి పెంకుని పక్కన పెట్టింది. ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు పగలగొట్టినన్నాళ్ళూ దాని జోలికి రావని. ఇప్పుడెవరైనా అడిగితే, ఇంకో పళ్ళెం కాలాల్సుంది అని చెప్తున్నాను. అది కాలి బయటికొచ్చిన రోజున ఏం చెప్పను? మేస్త్రి పని అయిపోయింది అంటారు. అనడమేమిటి, అయిపోయినట్టే."

కూతురికి కోపం ఎంత వచ్చిందో ఏడుపూ అంత వచ్చింది. చివరికి కోపమే గెలిచింది, అదృష్టం. "సరే. ఆ పళ్ళెం నీది. నువ్వు ఊ అనేదాకా దాన్ని ముట్టుకోను. రాలిపోతే రాలిపోనీ. కానీ నా పళ్ళేలు నేను మానను. కాలేదాకా చేస్తూనే ఉంటాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడే బిళ్ళ మొదలుపెట్టింది. తెల్లమట్టిని చప్పటగా చరిచి, దాని మీద బుడిపెలు అతికి, ఆరబెట్టి, పళ్ళేనికి చేసినట్టే దానికీ మొదటి కాలుపు ఇచ్చింది. ఇప్పుడు కాళ్ళన్నీ ఒకే పీట మీద ఉన్నాయి, పీట కూడా పళ్ళెం చేసిన మట్టిదే. పళ్ళెం ఎంత ముడుచుకుంటే అదీ అంతే ముడుచుకుంటుంది. పలక మీద జారడానికి పీట కింద నిప్పుకి కరగని తెల్లపొడి చల్లింది, మొనలకీ అదే అద్దింది. నాలుగో పళ్ళెం బయటికొచ్చింది. ఎక్కడా పగుల్లేదు. కాకపోతే ఒక పక్కకి ఒరిగిపోయి, ఎవరో సగం కూర్చుని లేచినట్టుంది.

దాన్ని ఎత్తుకుని వంటగదిలోంచి ముందుగదికి వెళ్తుంటే మేస్త్రి ఆపింది. "ఆ పీట ఏదీ, ఇలా తే."

తెచ్చి ఇచ్చింది. మేస్త్రి దాన్ని కళ్ళ ఎత్తున పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. ఇక మొదలైంది. "ఇది పీటా, కుంటిమేకా? ఒక్కో కాలు ఒక్కో పొడుగు. అంచులో ఇంత దట్టమా, నడుమ ఇంత పలచనా? నీకు నేర్పినదాన్ని ఏమనాలి. మట్టి చరిచావా, లేక దాని మీద పడి నిద్రపోయావా?"

ఎనిమిది నెలల తర్వాత తిట్లు. ముందుగదిలో మిషను ఆగిపోయింది. దర్జీ గుమ్మంలోకి వచ్చి, సూది నోట్లో పెట్టుకుని, పాట వింటున్నట్టు నిలబడ్డాడు.

"అంత చేతనైతే నువ్వే చెయ్యి" అంది కూతురు.

అనేశాక నాలుక కరుచుకుంది. దర్జీ ముఖం పాలిపోయింది. ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా ఎవరూ మేస్త్రిని ఏమీ చెయ్యమనలేదు. ఆయన ఆవిడ లేవకముందే ఆవిడ తొడుక్కునే చొక్కాకి బొత్తాలు సగం పెట్టి ఉంచేవాడు, కూరలు ముందే తరిగేవాడు, మూతలు వదులు చేసి పెట్టేవాడు. ఆవిడకు తెలియదనుకునేవాడు పాపం.

మేస్త్రి పీటని నేలమీద పెట్టింది. "మట్టి తే" అంది. "మెత్తగా పిసికి తే. పెద్ద పళ్ళేనికి సరిపడా."

నాలుగు రోజులు పట్టింది ఆ పీటకి. ఎడమచేత్తో చరిచింది, ఎడమచేత్తో కోసింది. కుడిచేతిని బరువుగా వాడుకుంది, మట్టి జరక్కుండా దాని మీద ఆనించి. ఏడు బుడిపెలు. ఒక్కోదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పి తిప్పి మొన తీసింది. రెండు కింద పడ్డాయి, ఒకటి విసుగొచ్చి తనే నలిపేసింది. కూతురు సాయం చెయ్యబోతే మోచేత్తో పొడిచింది.

ఆరి, మొదటి కాలుపు అయ్యాక, కూతురు పీటని బట్టీ పలక మీద పెట్టి, ఏడు మొనల మీదా ఒక స్కేలు ఆనించి చూసింది. ఆరు తగిలాయి. నాలుగోది తగల్లేదు. బియ్యపుగింజంత తక్కువ.

ఆ మొన మీద చిటికెడు మట్టి అద్దితే సరిపోతుంది. అలా చేస్తే పళ్ళెం నిలుస్తుందని కూతురికి తెలుసు. తల్లి షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉంది, ఆ దూరానికి కనబడదు. నిముషంలో పని. కూతురు చెయ్యి మట్టి దాకా వెళ్ళింది కూడా. బొత్తాలు సగం పెట్టి ఉంచడం, మూతలు వదులు చెయ్యడం లాంటిదే ఇదీనూ. ఎవరు మాత్రం తప్పంటారు?

చెయ్యి వెనక్కి తీసుకుంది. పీటని పలక మీంచి దించి, తెచ్చి, తల్లి ఒళ్ళో పెట్టింది. "మేస్త్రీ, నీ మేక కూడా కుంటుతోంది. ఈ కాలు పొట్టి. ఇది పనికిరాదు, మళ్ళీ చెయ్యి."

మేస్త్రి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మొన మీద వేలు పెట్టి చూసింది. పక్కదాని మీద పెట్టి చూసింది. మళ్ళీ మొదటిదాని మీద పెట్టింది. చెడగొట్టానా, అంతా చెడగొట్టానా అనుకుంది కూతురు. అయినా నోటి మాట వెనక్కి తీసుకోలేదు.

"పొట్టే" అంది మేస్త్రి. "దాని మీదేదో ఓ ముక్క పెట్టేస్తావనుకున్నాను."

"నువ్వైతే పెట్టనిచ్చేదానివా?"

"చెయ్యి విరగ్గొట్టేదాన్ని." ఆ మాటకి తనకే నవ్వొచ్చింది మేస్త్రికి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మట్టి తే. ఈసారి పగలు చేస్తాను, సాయంత్రం వెలుతురు నన్ను మోసం చేసింది."

ఇంకో పది రోజులు. పై అరమీద ఇంకో ముక్క పూత లేచింది. కూతురు పొద్దున్నే వెళ్ళి చూసి, పళ్ళబిగువున ఊరుకునేది. రెండో పీట మీద స్కేలు పెడితే ఏడూ తగిలాయి. అప్పుడు మేస్త్రి తనంతట తనే "ఊ" అంది. పూత లేచిన రెండు చోట్లా ఎడమచేత్తో కుంచె పట్టుకుని తనే అద్దింది. కూతురు రెండు చేతులా పళ్ళేన్ని దించి మొనల మీద నిలబెట్టింది. బట్టీ ముట్టించి, మర్నాడంతా చల్లారనిచ్చి, ఆ పైరోజు పొద్దెక్కాక తలుపు తీశారు.

పళ్ళెం అక్కడే ఉంది, ఒక్క ముక్కగా. అప్పుడే వానాగిన ఆకాశం రంగు. ఇరవై అంగుళాల పళ్ళెం పద్దెనిమిదయింది, కింద పీట కూడా దానితోపాటే దగ్గరికొచ్చింది. కూతురు మెల్లగా ఎత్తి బోర్లించింది. మేస్త్రి చెక్క సుత్తితో పీటని ఒక్కటి తట్టింది. టక్కున ఊడి వచ్చింది. అడుగున ఏడు నువ్వుగింజల మచ్చలు, అంతే. పళ్ళేన్ని మళ్ళీ తిప్పి నేలమీద పెట్టాక దర్జీ చెంబుతో నీళ్ళు తెచ్చి అందులో పోశాడు. నీళ్ళు చుట్టూ అంచుకి ఒకే ఎత్తున నిలిచాయి.

మేస్త్రి ఆ నీళ్ళ వంక చాలాసేపు చూసింది. "అయిపోయింది" అంది. అని, ముఖం దాచుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు పక్కన కూర్చుంది కానీ ఓదార్చలేదు. ఓదార్చే మాట అబద్ధమవుతుంది. ముప్పై ఏళ్ళ చక్రం పని నిజంగానే ఆ పళ్ళెంతో అయిపోయింది.

ఏడుపు దానంతట అదే తగ్గింది. మేస్త్రి ముక్కు చీదుకుని, ఊడి వచ్చిన పీటని చేతిలోకి తీసుకుంది. ఒకసారి ముడుచుకున్నాక అది ఇంకెందుకూ పనికిరాదు. ప్రతి పళ్ళేనికీ కొత్తది చెయ్యాలి.

"నీ అయిదో పళ్ళెం ఎంత పెద్దది చేస్తున్నావు?" అంది.

"ఇంతే. ఇరవై."

"ఇరవై నాలుగు చెయ్యి. దానికి తొమ్మిది కాళ్ళు కావాలి." ఎడమచెయ్యి చాపింది. "ఇవాళ మొదలుపెడితే గానీ నా పీట వేళకి ఆరదు. దిష్టిబొమ్మలా చూస్తావేం, లేచి మట్టి పిసుకు."

కూతురు లేచింది.